మీట కింద రెండు స్విచ్చులు

ఖమ్మం నుంచి ఒక పాఠకుడు రాశారు: "మా అమ్మాయి ఇంట్లోనే కంప్యూటర్ మీద పాటలు కట్టుకుంటానని మిడి కీబోర్డు కొనమంటోంది. దుకాణంలో 25 మీటలది, 49ది, 61ది, 88ది చూపించారు. ఏది కొనాలి?"

మీటల లెక్క మీద నాకు పెద్ద ఆసక్తి లేదు కనుక ముందు దాన్ని వదిలించుకుంటాను. ఒంటి చేత్తో డ్రమ్ములు, బేస్ వాయించి ఒకదాని మీద ఒకటి పేర్చుకునేవారికి 25 చాలు. మంద్ర, మధ్య, తార స్థాయిలు మూడూ వేళ్ల కింద ఉండాలంటే 37 కావాలి. రెండు చేతులూ ఆడాలంటే 49 లేదా 61. పియానో సాధన చేసేవారికే 88. చాలకపోతే స్థాయి మార్చే బొత్తాం ఎలాగూ పక్కనే ఉంటుంది. దుకాణంలో అడగవలసిన ప్రశ్న వేరే ఉంది: ఈ మీట నొక్కితే అది దేన్ని కొలుస్తుంది?

కొలవడం అన్న మాట కావాలనే వాడాను. ఈ పెట్టె పాడదు. ఏ మీట నొక్కారో, ఎంత జోరుగా నొక్కారో మిడి అనే భాషలో కంప్యూటర్‌కు కబురు పంపుతుంది, అంతే. వీణ అయినా వయొలిన్ అయినా పలికేది కంప్యూటర్‌లోని సాఫ్ట్‌వేరే. అందుకే బంగారు పూత కేబుల్ వేస్తే నాదం తియ్యనవుతుందని ఎవరైనా చెబితే నాకు నవ్వొస్తుంది. ఆ తీగలో నాదమే లేదు, అంకెలు పోతున్నాయి. అంకెకు తీపేమిటి?

మనలో చాలామంది మొదట చెయ్యిపెట్టిన మీటల వాద్యం హార్మోనియం. దాని మెట్టు గాలికి తలుపు లాంటిది. మెల్లగా తెరిచినా, దభాలున తెరిచినా తలుపు తెరుచుకోవడం ఒకటే. స్వరం ఎంత పెద్దగా పలకాలో తేల్చేది తిత్తి. పద్య నాటకాల లెగ్ హార్మోనియంలో ఆ పని కాళ్లది. పియానో సంగతి వేరు. 1700 ప్రాంతంలో ఇటలీలో క్రిస్తోఫోరి అనే వాద్య నిర్మాత మీటకూ తీగకూ మధ్య సుత్తిని పెట్టాడు. అతని తెలివంతా ఒక చిన్న ఏర్పాటులో ఉంది: సుత్తి తీగను తాకబోయే ముందే మీట దాన్ని వదిలేస్తుంది. చేయి వదిలిన రాయిలా సుత్తి ఎగిరి వెళ్లి కొడుతుంది. ఆ తరవాత మీటను ఎంత అదిమినా తీగకు తెలియదు. అంటే ధ్వనిని నిర్ణయించేది వేలి బలం కాదు, సుత్తికి అందిన వేగం. "గట్టిగా నొక్కు" అని పిల్లలకు చెప్పే మాస్టార్లు "చురుగ్గా నొక్కు" అంటే సగం మణికట్టు నొప్పులు తగ్గుతాయని నా అనుమానం.

కాబట్టి పియానోను అనుకరించే కీబోర్డు కొలవవలసింది వేగాన్ని. వేగాన్ని కొలిచే పరికరం ప్రతి మీట కిందా పెట్టాలంటే ఖర్చు తడిసి మోపెడవుతుంది. దీనికి ఇంజనీర్లు కనిపెట్టిన ఉపాయం ఎంత చవకైనదో చూస్తే ముచ్చటేస్తుంది. మీట కింద రబ్బరు పట్టీ ఉంటుంది. దాని మీద రెండు బుడిపెలు, ఒక్కోదాని లోపల నల్లటి కార్బన్ బిళ్ల. ఒకటి కాస్త పొడుగు, ఇంకొకటి పొట్టి. మీట దిగేటప్పుడు పొడుగుది ముందు సర్క్యూట్ బోర్డును తాకుతుంది, పొట్టిది ఆ వెనక తాకుతుంది. రోడ్డు మీద రెండు గీతలు గీసి, బండి ఆ గీతలు దాటిన క్షణాలను బట్టి వేగం లెక్కకట్టినట్టే. రెండు తాకిళ్ల మధ్య వ్యవధి తక్కువైతే వేలు చురుగ్గా దిగిందని అర్థం.

అయితే ఈ రోడ్డు పక్కన ఎవరూ నిలబడి చూడటం లేదు. 61 మీటలంటే 122 స్విచ్చులు. లోపలి చిప్ రాత్రి కాపలాదారులా వీధి వీధీ తిరిగి ఏ తలుపు మూసి ఉంది, ఏది తెరిచి ఉంది అని చూసుకుంటూ పోతుంది. అతను గస్తీకి వచ్చినప్పుడే తలుపు సంగతి తెలుస్తుంది. రెండు గస్తీల నడుమ ఏ క్షణాన మూసుకుందో ఆయనకూ తెలియదు.

కాగితం మీద లెక్క వేద్దాం. రెండు తాకిళ్ల మధ్య మీట 2 మిల్లీమీటర్లు దిగుతుందనుకోండి. సెకనుకు 10 సెంటీమీటర్ల వేగంతో మెల్లగా నొక్కితే వ్యవధి 20 మిల్లీసెకన్లు. వేగం రెట్టింపైతే 10. కాపలాదారు అర మిల్లీసెకనుకొక చుట్టు తిరుగుతున్నాడనుకుంటే ఈ రెండు వేగాల నడుమ అతనికి 20 మెట్లు కనిపిస్తాయి. బాగానే ఉంది. ఇప్పుడు జోరుగా, సెకనుకు ఒక మీటరు వేగంతో కొట్టండి: 2 మిల్లీసెకన్లు. మళ్లీ రెట్టింపు చేస్తే 1 మిల్లీసెకను. ఇక్కడ కనిపించే మెట్లు రెండే! వేగం రెట్టింపవడం రెండుచోట్లా ఒకటే, చెవికి రెండూ పెద్ద మార్పులే. కానీ వ్యవధి వేగానికి విలోమంగా నడుస్తుంది కనుక జోరు పెరిగేకొద్దీ కొలబద్ద మీద గీతలు పలచబడిపోతాయి. గస్తీ నెమ్మదైన కీబోర్డులో సన్నని పలుకులు సాఫీగా వచ్చి, గట్టి పలుకులు గెంతులు వేసేది ఇందుకే. దుకాణంలో ఇది తేలిగ్గా పట్టుకోవచ్చు. సాఫ్ట్‌వేర్‌లో ప్రతి స్వరం జోరుకూ 1 నుంచి 127 దాకా ఒక అంకె కనిపిస్తుంది. ఒకే మీటను మెల్లగా మొదలుపెట్టి క్రమంగా జోరు పెంచుతూ పాతిక ముప్పై సార్లు కొట్టండి. పైన నూరు దాటాక అవే రెండు మూడు అంకెలు మళ్లీ మళ్లీ వస్తుంటే ఆ పెట్టెను అక్కడే వదిలేయండి.

ఈ రెండు స్విచ్చుల విద్య నాకు వంటబట్టింది ఒక దసరా పుణ్యాన. ఆయుధ పూజకు నా కీబోర్డుకు నేనే భక్తిగా పసుపు, కుంకుమ చల్లాను. నెల తిరక్కుండానే మధ్య స్థాయి గాంధారం అరవడం మొదలుపెట్టింది. ఎంత మెత్తగా తాకినా 127. ఇంటికొచ్చిన బంధువు ఒకాయన దిష్టి అన్నారు. విప్పి చూస్తే పొడుగు బుడిపె బిళ్ల మీద ఎర్రటి పొడి. దాంతో మొదటి తాకిడి ఆలస్యంగా, వేలు బాగా అదిమాకగానీ అందడం లేదు. రెండోది వేళకే వస్తోంది. మధ్య వ్యవధి కుంచించుకుపోయింది. చిప్ పాపం ఎవరో పిడిగుద్దు గుద్దారనుకుంది. దూదికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది తుడిస్తే గాంధారానికి బుద్ధి వచ్చింది. ఇప్పుడు పూజ రోజున కీబోర్డు మీద గుడ్డ కప్పి, గుడ్డకు బొట్టు పెడుతున్నాను.

127 దగ్గరే ఎందుకు ఆగుతుంది? మిడి భాషలో ప్రతి కబురూ బైట్లుగా వెళుతుంది. బైట్‌లో ఎనిమిది బిట్లు ఉన్నా, మొదటిది ఇది ఆజ్ఞా, సంఖ్యా అని చెప్పడానికే సరిపోతుంది. మిగిలిన ఏడింటితో 128 విలువలు, 0 నుంచి 127. అందులో సున్నా జోరుతో వాయించు అంటే మీట వదిలేశారని అర్థం. 1983 జనవరిలో అమెరికాలో నామ్ అనే సంగీత వాద్యాల వ్యాపార ప్రదర్శనలో ప్రాఫెట్-600, జూపిటర్-6 అనే వేర్వేరు కంపెనీల సింథసైజర్లను తొలిసారి కలిపి చూపించింది ఈ భాషతోనే. అయిదు సూదుల పాత మిడి తీగలో సెకనుకు 31,250 బిట్లు వెళతాయి. ఒక్కో బైట్‌కు ముందొకటి వెనకొకటి కాపలా బిట్లు కలిపి పది. ఒక స్వరానికి మూడు బైట్లు. అంటే ఒక్క స్వరం చేరడానికి 0.96 మిల్లీసెకను. 2020లో వచ్చిన మిడి 2.0 జోరుకు 65,536 మెట్లు ఇచ్చింది. బాగుంది కానీ, గస్తీ నెమ్మదైన కాపలాదారుకు లావుపాటి రిజిస్టరు కొనిచ్చి ఏం లాభం?

మన సంగీతం కట్టేవారు స్వరాన్ని పైకీ కిందికీ జరిపే, ఎడమ పక్కనున్న పిచ్ చక్రాన్ని కూడా తిప్పి చూడాలి. తోడి రాగంలో గాంధారం నిలబడదు, ఊగుతుంది; మీటలతో ఆ ఊపు రాదు. ఈ చక్రానికి మిడి పద్నాలుగు బిట్లు, అంటే 16,384 మెట్లు కేటాయించింది. కొన్ని కీబోర్డులు పై ఏడు బిట్లే పంపి చేతులు దులుపుకుంటాయి. అటు రెండు, ఇటు రెండు అర్ధస్వరాల పరిధిలో అప్పుడు ఒక్కో మెట్టు మూడు సెంట్లు, అంటే అర్ధస్వరంలో నూటికి మూడు వంతులు. అది చెవికి అందకపోవచ్చు. పరిధిని ఒక్కో పక్క ఒక స్థాయికి, అంటే పన్నెండు అర్ధస్వరాలకు పెంచితే మాత్రం మెట్టు 19 సెంట్ల దాకా పోతుంది. గమకం కాస్తా మెట్ల మీద దొర్లిన చెంబవుతుంది.

మీట నొక్కాక ఆలస్యంగా పలుకుతోందని కీబోర్డును తిట్టకండి. ఎక్కువసార్లు ఆ జాప్యం కంప్యూటర్ సెట్టింగులది.

ఖమ్మం అమ్మాయికి నా ఓటు 49 మీటలకు, పైన చెప్పిన పరీక్ష నెగ్గితేనే. మిగిలిన డబ్బుతో ఒక సస్టెయిన్ పెడల్ కొనండి; కాలితో తొక్కి ఉంచితే మీట వదిలినా స్వరం మోగుతుంది. దాన్ని తగిలించాకే కీబోర్డుకు కరెంటు ఇవ్వండి, ఆ సమయంలో కాలు దాని మీద ఉండకూడదు. చాలా కీబోర్డులు ఆన్ అయ్యే క్షణంలో పెడల్ ఏ స్థితిలో ఉంటే అదే వదిలేసిన స్థితి అనుకుంటాయి. కాలు వేసి ఉంచితే ఇక అంతా తలకిందులే: తొక్కితే స్వరం ఆగుతుంది, కాలు తీస్తే మోగుతూనే ఉంటుంది.