పేరు చెప్పడానికి అభ్యంతరం ఎందుకు? లండన్ పోలీసులు, ఫ్రీమేసన్ల గొడవ వెనక 168 ఏళ్ల జాబితా

లండన్ మెట్రోపాలిటన్ పోలీసు శాఖ 2025 డిసెంబరులో ఒక కొత్త నిబంధన తెచ్చింది. శాఖలో పనిచేసే ఎవరైనా ఫ్రీమేసన్ (ఫ్రీమేసన్రీ అనే పాత సోదర సంస్థ సభ్యుడు) అయితే, లేదా ఇదివరకెప్పుడైనా అయి ఉంటే, ఆ సంగతి పై అధికారులకు చెప్పాలి. సభ్యత్వం మానుకోమని అనలేదు, పేర్లు జనం ముందు పెడతామనీ అనలేదు. అయినా ఇంగ్లండ్ ఫ్రీమేసన్ల కేంద్ర సంస్థ యునైటెడ్ గ్రాండ్ లాడ్జి అదే నెలలో న్యాయపోరాటానికి దిగింది. ఇది వివక్ష అని, తమను అడగకుండా తెచ్చిన నిబంధన అని దాని వాదన.

నిబంధనలోని మాటలు గమనించాలి. పై నుంచి కింది దాకా అంతస్తులుండి, సభ్యుల పేర్లు గోప్యంగా ఉంచి, సభ్యులు ఒకరినొకరు ఆదుకోవాలి, కాపాడుకోవాలి అని కోరే సంస్థలన్నిటికీ ఇది వర్తిస్తుంది. ఫ్రీమేసన్లు అందులో ఒకరు. ఈ మూడు లక్షణాల్లో గొడవంతా మూడోదాని మీదే. ఒకరినొకరు ఆదుకోవడానికి కాకపోతే మనిషి సోదర సంఘంలో ఎందుకు చేరతాడు? ఆ ఆదుకోవడమే పోలీసు ఉద్యోగంలో అనుమానానికి ఎలా కారణమైంది?

రాతిపని మేస్త్రీల సంఘాల నుంచి ఈ సంస్థ పుట్టిన తీరు, 1717లో లండన్‌లో నాలుగు లాడ్జీలు (సభ్యులు కలుసుకునే స్థానిక శాఖలు) కలిసి గ్రాండ్ లాడ్జి పెట్టుకున్న సంగతి, పోపుల నిషేధాలు చాలామంది చదివే ఉంటారు. మనకూ ఈ సంస్థ కొత్త కాదు. హైదరాబాద్ గోషామహల్ బారాదరి మేసన్ల లాడ్జిగా నగరంలో చాలామందికి తెలుసు. ఇప్పటి గొడవ అర్థం కావాలంటే మాత్రం 1799కి వెళ్లాలి.

ఫ్రాన్సులో విప్లవం వచ్చి పదేళ్లయింది. అంతకు ముందు ఏడాదే ఐర్లండ్‌లో తిరుగుబాటు జరిగింది. ప్రమాణాలు చేయించుకునే రహస్య సంఘాలంటే బ్రిటన్ ప్రధాని విలియం పిట్ ప్రభుత్వానికి దడ పట్టుకుంది. అటువంటి సంఘాలను అణచడానికి పార్లమెంటు 1799లో చట్టం చేసింది. ఆ చట్టం ఉన్నదున్నట్టు అమలైతే ఫ్రీమేసన్లూ పోవాల్సిందే. అప్పట్లో ఇంగ్లండ్‌లో రెండు గ్రాండ్ లాడ్జీలు పోటీగా నడిచేవి. ప్రమాదం చూసి రెండింటి పెద్దలూ పిట్ దగ్గరికి వెళ్లి మాట్లాడారు. చివరికి మేసన్లకు మినహాయింపు దొరికింది, ఒక షరతు మీద. ప్రతి లాడ్జి ఏటా తన సభ్యుల పేర్లు, వృత్తులు, చిరునామాలు రాసి జిల్లా న్యాయాధికారుల గుమస్తాకు ఇవ్వాలి. ఒక లాడ్జి మీద ఫిర్యాదు వస్తే మేజిస్ట్రేట్లు దాన్ని మూయించవచ్చు.

ఆ షరతు 1967 దాకా చట్టంలో ఉంది, అంటే 168 ఏళ్లు. కొన్ని జిల్లాల్లో జాబితాలు క్రమం తప్పకుండా వెళ్లాయి, కొన్నిచోట్ల అంతంత మాత్రమే. ఆ కాగితాలు చాలా జిల్లా దస్తావేజుల భాండాగారాల్లో ఇప్పటికీ ఉన్నాయి. ఫలానా ఏడాది ఫలానా ఊరి లాడ్జిలో సారాకొట్టు యజమాని ఎవరు, వైద్యుడు ఎవరు, ప్లీడరు ఎవరు అన్నది వంశవృక్షాలు వెతికేవాళ్లు వాటిలోంచే తీస్తున్నారు.

ఈ షరతు కింద బతికిన కాలంలో సంస్థ కుంగిపోలేదు, అంతకంతకూ పెరిగింది. విక్టోరియా రాణి కొడుకు, తర్వాత ఏడో ఎడ్వర్డ్ రాజైన యువరాజు 1874 నుంచి 1901 దాకా గ్రాండ్ మాస్టరుగా, అంటే సంస్థ అధిపతిగా ఉన్నాడు. చర్చిలకూ ప్రభుత్వ భవనాలకూ శంకుస్థాపన చేసేటప్పుడు మేసన్లు తమ ఏప్రన్లు కట్టుకుని పట్టపగలు వీధుల్లో ఊరేగేవారు. స్థానిక పత్రికలు లాడ్జి సమావేశాల వార్తలు వేసేవి. సభ్యుడి పేరు ప్రభుత్వానికి తెలిసినంత మాత్రాన సోదరభావం చెడిపోలేదు.

మనిషి ఎందుకు చేరేవాడో ఆ కాలంలో తేలిగ్గా అర్థమవుతుంది. బీమా లేదు, పింఛను లేదు. ఇంటి పెద్ద పోతే భార్యాబిడ్డలు రోడ్డున పడేవాళ్లు. మేసన్ల బిడ్డల కోసం లండన్‌లో 1788లోనే ఆడపిల్లల బడి పెట్టారు. కొత్త ఊరికి ఉద్యోగం మీద వెళ్లినవాడికి ఎవరూ తెలియకపోయినా లాడ్జిలో కూర్చోవడానికి ఒక చోటు, పలకరించడానికి మనుషులు దొరికేవారు. రాజకీయం, మతం లోపల మాట్లాడకూడదన్న నియమం వల్ల వేరేచోట ఒకే బల్ల దగ్గర కూర్చోని మనుషులు అక్కడ కూర్చునేవారు. పేజీల కొద్దీ పాఠం కంఠతా పట్టి, మూడు మెట్ల దీక్ష దాటి, తర్వాత అందరితో కలిసి భోజనం చేయడంలో ఉన్న తృప్తి చిన్నది కాదు. ఇప్పటికీ చాలామంది చేరేది దాని కోసమే. వాళ్లను కుట్రదారులుగా చూడటం తప్పు.

మరి మార్పు ఎక్కడ వచ్చింది? 1920ల నుంచి ముస్సోలినీ, హిట్లర్, ఫ్రాంకో పాలనల్లో మేసన్లను వెంటాడారు, లాడ్జీలు మూయించారు, చాలామందిని నిర్బంధ శిబిరాలకు పంపారు. ఆ భయంతో ఇంగ్లండ్ మేసన్లు కూడా జనం కళ్ల ముందు నుంచి తప్పుకున్నారని గ్రాండ్ లాడ్జే చెబుతుంది. యుద్ధం ముగిసినా ఆ అలవాటు పోలేదు, ఊరేగింపులు తిరిగి రాలేదు. చివరికి 1967లో క్రిమినల్ జస్టిస్ చట్టం తెచ్చినప్పుడు, పనికిరాని పాత చట్టాలతో పాటు 1799 నాటి దాన్ని కూడా కొట్టేశారు. అదే ఏడాది జూన్‌లో లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో గ్రాండ్ లాడ్జి 250 ఏళ్ల పండుగ చేసుకుంది. కెంట్ డ్యూక్ కొత్త గ్రాండ్ మాస్టరయ్యాడు. సభ్యుల పేర్లు బయట ఎవరికీ చెప్పనక్కర్లేని రోజులు అక్కడ మొదలయ్యాయి. ఈ గొడవకు అసలు మలుపు అదేనని నా నమ్మకం. ఆదుకునే ప్రమాణం అలాగే ఉంది, ఎవరు ఎవరికి కట్టుబడి ఉన్నారో చెప్పే కాగితం మాత్రం పోయింది.

ఆ తర్వాత పదేళ్లలోనే దాని ఫలితం కనిపించింది. 1970లలో లండన్ పోలీసుల అశ్లీల సాహిత్య నిరోధక విభాగం లంచాల కేసులో ఇరుక్కుంది. ఆ కేసుల్లో మేసన్ సంబంధాల మాట బయటికొచ్చింది. 1985లో కమిషనర్ కెనెత్ న్యూమన్ హయాంలో ఆ శాఖ ఒక ప్రవర్తనా పుస్తకం వేసింది. ఆలోచన ఉన్న అధికారి ఫ్రీమేసన్రీకి దూరంగా ఉండటమే మంచిదని అందులో మర్యాదగా సూచించింది. మరుసటి ఏడాదే లండన్ పోలీసు అధికారులు తమ కోసం మేనర్ ఆఫ్ సెయింట్ జేమ్సెస్ అని కొత్త లాడ్జి ప్రారంభించారు. సూచనతో పని జరగదని శాఖకు అప్పుడే తెలిసి ఉండాలి.

1987 మార్చి 10న దక్షిణ లండన్‌లోని సిడెన్‌హామ్‌లో ఒక పబ్ కార్ల స్థలంలో డేనియల్ మోర్గన్ అనే ప్రైవేటు డిటెక్టివ్‌ను గొడ్డలితో నరికి చంపారు. దర్యాప్తు మీద దర్యాప్తు నడిచింది, హత్య నేరం ఎవరి మీదా రుజువు కాలేదు. కుటుంబం మూడు దశాబ్దాలకు పైగా తిరగని గడప లేదు. ప్రభుత్వం వేసిన స్వతంత్ర సంఘం న్యూలా ఓలోన్ అధ్యక్షతన 2021 జూన్‌లో నివేదిక ఇచ్చింది. పోలీసు శాఖలో ఉన్నది సంస్థాగత అవినీతి అని తేల్చింది. ఈ కేసు దర్యాప్తుల్లో ముఖ్యంగా కనిపించిన పది మంది అధికారులు ఫ్రీమేసన్లని కూడా రాసింది.

ఇక్కడ ఆగి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే దీన్ని చాలామంది వదిలేస్తున్నారు. దర్యాప్తును చెడగొట్టడానికి మేసన్ సంబంధాలను వాడారనడానికి ఆ స్వతంత్ర విచారణ సంఘానికి ఆధారం దొరకలేదు. మేసన్ల పక్షం పదే పదే చెప్పేది ఇదే, అది నిజమే. కానీ ఆ సంఘం అక్కడితో ఆగలేదు. ఎవరు సభ్యుడో తెలియకపోవడం వల్ల దర్యాప్తు పొడుగునా అనుమానం, అపనమ్మకం తలెత్తుతూనే ఉన్నాయంది. అధికారులు సభ్యత్వం వెల్లడించాలని సిఫారసు చేసింది. ఆధారం లేదు కాబట్టి వెల్లడి అక్కర్లేదని మేసన్లు అంటున్నారు. పేర్లే తెలియనప్పుడు ఆధారం ఎక్కడి నుంచి వస్తుందని నివేదికను బలపరిచేవాళ్లు అడుగుతున్నారు. భర్తనో, అన్ననో పోగొట్టుకుని పోలీసు స్టేషన్ మెట్లెక్కే మనిషి వైపు నుంచి చూస్తే రెండో ప్రశ్నకే బరువెక్కువ.

ఇదివరకు ఒకసారి ప్రయత్నం జరిగింది కూడా. బ్రిటన్ పార్లమెంటు దిగువ సభ కామన్స్ హోం వ్యవహారాల కమిటీ 1997లో విచారణ జరిపి, మేసన్ల మీద అక్కర్లేని భయాలు చాలా ఉన్నాయని ఒప్పుకుంటూనే, పోలీసులూ న్యాయాధికారులూ సభ్యత్వం నమోదు చేయాలని కోరింది. 1998లో హోం మంత్రి జాక్ స్ట్రా ఆ ఉద్యోగాల్లో కొత్తగా చేరేవాళ్లు సభ్యత్వం చెప్పాలని ప్రకటించాడు. పదకొండేళ్ల తర్వాత న్యాయశాఖ మంత్రి హోదాలో ఆ స్ట్రానే జడ్జీలకు పెట్టిన షరతును ఎత్తేశాడు.

దానికి కారణం ఇటలీలో ఉంది. 1981 మార్చిలో అరెజ్జో దగ్గర లీచో జెల్లీ అనే వ్యక్తి ఆస్తుల మీద సోదా చేసిన పోలీసులకు అతను నడిపిన పీ-2 అనే రహస్య లాడ్జి జాబితా దొరికింది. అందులో మంత్రులు, సైన్యాధికారులు, గూఢచారి శాఖల అధిపతులు, పత్రికాధిపతులు, మొత్తం 962 పేర్లు. ప్రభుత్వం పడిపోయింది. ఆ దెబ్బతో ఇటలీ ప్రాంతీయ ప్రభుత్వాలు కొన్ని పదవులకు మేసన్ల మీద షరతులు పెట్టాయి. వాటిని అక్కడి మేసన్ల కేంద్ర సంస్థ గ్రాండ్ ఓరియెంట్ స్ట్రాస్‌బర్గ్‌లోని యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానానికి తీసుకెళ్లి 2001లో ఒకసారి, 2007లో ఇంకోసారి గెలిచింది. మిగతా సంఘాలను వదిలేసి మేసన్లను మాత్రమే పేర్లు చెప్పమనడం వివక్ష అని 2007 తీర్పు సారాంశం. ఆ తీర్పు చూసే 2009లో స్ట్రా వెనక్కి తగ్గాడు.

ఇప్పటి లండన్ నిబంధన మాటల్లో జాగ్రత్త ఎక్కడి నుంచి వచ్చిందో దీన్నిబట్టి ఊహించవచ్చు. మేసన్లను ఒక్కరినే వేలెత్తి చూపకుండా, ఫలానా లక్షణాలున్న ఏ సంస్థకైనా అని రాశారు. గ్రాండ్ లాడ్జి దీన్ని పైపూతగా చూస్తోంది. గోల్ఫు క్లబ్బులో, పాత బడి మిత్రుల సంఘంలో జరిగే సహాయాల సంగతేమిటని అడుగుతోంది. తమ ప్రమాణంలో సోదరుడి రహస్యం కాపాడమని ఉన్నా నేరాలకు మినహాయింపు ఉందని గుర్తుచేస్తోంది. సభ్యత్వాన్ని సొంత లాభానికి వాడుకుంటే వెలి వేస్తామంటోంది. నాజీల కాలంలో జాబితాలు ఏమి చేశాయో చూసిన సంస్థకు జాబితా అంటే భయం ఉండటం సహజం కూడా.

అయితే నాజీలు లాక్కున్న జాబితాకూ, తన యజమానికి ఒక ఉద్యోగి చెప్పే మాటకూ పోలిక లేదు. 1799 చట్టం లాడ్జిలోని సభ్యులందరినీ పేరు, వృత్తి, చిరునామాతో సహా న్యాయాధికారి దగ్గర నమోదు చేయమంది. దానికి ఒప్పుకున్న సంస్థ, లండన్ పోలీసు ఉద్యోగులు మాత్రం తమ శాఖకు చెప్పుకోవాలన్న నిబంధన మీద న్యాయపోరాటానికి దిగింది. న్యాయవాదులు యూరోపియన్ తీర్పుల చుట్టూ వాదిస్తారు, అది వాళ్ల పని. ఇంగ్లండ్ సొంత చరిత్రలోని ఆ 168 ఏళ్లు కూడా వాదనల్లోకి రావాలి.