పది, ఇంటర్ మార్కుల మీద అపోహలు - వాస్తవాలు: విశాఖ తల్లిదండ్రులకు

విశాఖలో ఒకే అపార్ట్‌మెంట్‌లో కింది ఫ్లోరు పిల్లాడు స్టేట్ సిలబస్, పై ఫ్లోరు అమ్మాయి సీబీఎస్ఈ, ఎదురింటి అబ్బాయి ఇంటర్ ఎంపీసీ. నేవీ, పోర్టు, స్టీల్‌ప్లాంట్ కుటుంబాలున్న ఊరు కాబట్టి అన్ని బోర్డుల పిల్లలూ పక్కపక్కనే పెరుగుతారు. దాంతో ఒక బోర్డు రూలు ఇంకో బోర్డు పిల్లలకు అంటుకుపోతుంది. ఎవరో చెప్పిన మాట నమ్మి సప్లీ ఫీజు గడువు దాటేసినా, రీవెరిఫికేషన్‌కు పెట్టకుండా ఊరుకున్నా ఆ నష్టం పిల్లలదే. బడుల్లో, కాలేజీల్లో ఏటా వినబడే మాటలు కొన్ని తీసుకుని అసలు రూలేమిటో ఇక్కడ చెబుతున్నాం.

అపోహ: పదో తరగతి పాసవ్వాలంటే అన్ని సబ్జెక్టుల్లోనూ 35 రావాలి.

వాస్తవం: ఐదు సబ్జెక్టుల్లో 35. సెకండ్ లాంగ్వేజ్‌లో మాత్రం 20 చాలు. మన దగ్గర ఎక్కువమందికి సెకండ్ లాంగ్వేజ్ హిందీ. హిందీలో 24 వచ్చిందని ఇంట్లో ఏడుపులు మొదలైన సందర్భాలున్నాయి, తీరా మెమో చూస్తే ఆ పిల్ల పాస్. ఈ లెక్కన 600కి 195 వచ్చినా పాసవ్వచ్చు: ఐదు ముప్పయ్ఐదులు 175, హిందీ 20. 600లో 35 శాతం అంటే 210 కదా, అది రావాల్సిందేననుకోవడం పొరపాటు. దీనికి రెండో వైపు కూడా ఉంది. మొత్తం 400 వచ్చినా లెక్కల్లో 34 వస్తే పాస్ కాదు. సబ్జెక్టుకు సబ్జెక్టే చూస్తారు, ఒకదాని మార్కులు ఇంకోదానికి ఆదుకోవు. మొత్తంలో 60 శాతం, అంటే 360 నుంచి ఫస్ట్ డివిజన్. 300 నుంచి సెకండ్, ఆ కింద థర్డ్.

లెక్కలంటే భయపడే పిల్లలకు 35 ఎక్కడి నుంచి వస్తుందో కాగితం మీద వేసి చూపించండి. మూడు గంటల పదిహేను నిమిషాల పేపర్లో 33 ప్రశ్నలు. ఒక మార్కువి 12, రెండు మార్కులవి 8, నాలుగు మార్కులవి 8, ఎనిమిది మార్కులవి 5. మొదటి రెండు సెక్షన్లే 28 మార్కులు. వాటికి నాలుగు మార్కుల ప్రశ్నలు రెండు కలిస్తే 36. ఎనిమిది మార్కుల ప్రశ్న ఒక్కటీ ముట్టుకోకుండానే గట్టెక్కే దారి ఉంది. చిన్న ప్రశ్నలన్నీ ఎవరికీ రావు నిజమే, కానీ పరీక్షకు ముందు మిగిలిన నెల రోజుల్లో దేని మీద కూర్చోవాలో ఈ లెక్క చెబుతుంది. వెనకబడిన పిల్లాడి చేత పెద్ద లెక్కలు బట్టీ పట్టించడం మాకు అస్సలు నచ్చదు. స్టెప్పు మధ్యలో మరిచిపోతే ఆ రెండు వారాల కష్టం ఒకటి రెండు మార్కుల్లో తేలిపోతుంది.

అపోహ: ఫిజికల్ సైన్స్‌లో, బయాలజీలో విడివిడిగా పాసవ్వాలి.

వాస్తవం: రెండు రోజులు, రెండు పేపర్లు, ఒక్కోటి 50 మార్కులకు. కానీ సబ్జెక్టు ఒక్కటే. రెండూ కలిపి 35 వస్తే సైన్స్ పాస్. ఫిజికల్ సైన్స్‌లో 12, బయాలజీలో 23 అయినా పాసే. కలిపి 35 రాకపోతే మాత్రం రెండు పేపర్లూ మళ్లీ రాయాలి.

అపోహ: పాత మెమోలో ఉన్న జీపీఏని 9.5తో గుణిస్తే పర్సంటేజీ వస్తుంది. కొందరు పదితో గుణించమంటారు.

వాస్తవం: 9.5తో గుణించే పద్ధతి ఒకప్పటి సీబీఎస్ఈ సీజీపీఏది, మన ఎస్ఎస్‌సీది కాదు. రాష్ట్రంలో పదో తరగతికి గ్రేడ్లు 2012లో వచ్చాయి. 2022 ఫలితాల నుంచి మళ్లీ మార్కులే ఇస్తున్నారు. మధ్యలో చదివినవాళ్లు ఇప్పుడు ఉద్యోగాల దరఖాస్తుల్లో పర్సంటేజీ గడి దగ్గర ఆగిపోతున్నారు.

గుణకారం ఎందుకు కుదరదో ఒక మెమో మీద చూద్దాం. తెలుగు ఏ1, హిందీ ఏ2, ఇంగ్లిష్ ఏ2, లెక్కలు ఏ1, సైన్స్ ఏ1, సోషల్ బీ1. పాయింట్లు 10, 9, 9, 10, 10, 8. మొత్తం 56, ఆరుతో భాగిస్తే 9.3. ఇప్పుడు ఈ గ్రేడ్లకు అతి తక్కువ మార్కులు వేయండి. ఏ1కి 91, ఏ2కి 81, బీ1కి 71. హిందీలో గ్రేడ్ల హద్దులు వేరు కాబట్టి ఏ2కి 79. మొత్తం 504. అతి ఎక్కువ వేస్తే 559. ఇద్దరి మెమోల్లో ఒకే గ్రేడ్లు, ఒకే 9.3, మధ్యలో 55 మార్కుల తేడా! 600 మార్కులకు లెక్కేస్తే, పదితో గుణిస్తే 558, 9.5తో గుణిస్తే 530. ఏ గుణకారమూ అసలు మార్కుల్ని తిరిగి తేలేదు. అందుకని దరఖాస్తులో జీపీఏ అనే ఎంపిక ఉంటే అదే పెట్టండి. లేకపోతే నోటిఫికేషన్‌లో మార్చుకునే పద్ధతి ఏం ఇచ్చారో చూసి అదే వాడండి. సొంతంగా గుణించి వేసిన అంకె సర్టిఫికెట్ల పరిశీలన రోజున ఇబ్బంది పెడుతుంది.

అపోహ: రీవెరిఫికేషన్‌కి పెడితే పేపరంతా మళ్లీ దిద్దుతారు.

వాస్తవం: దిద్దరు. ఎక్కువ గందరగోళం ఇక్కడే ఉంది, అందుకే కాస్త వివరంగా చెబుతున్నాం.

రెండు రకాల దరఖాస్తులున్నాయి. రీకౌంటింగ్ సబ్జెక్టుకు 500 రూపాయలు. మార్కుల కూడిక మాత్రమే మళ్లీ చూస్తారు. రీవెరిఫికేషన్ సబ్జెక్టుకు 1,000 రూపాయలు. కూడికతో పాటు దిద్దకుండా వదిలేసిన జవాబు ఏమైనా ఉందా, లోపల వేసిన మార్కు బయట సరిగ్గా ఎక్కిందా అని చూసి, జవాబు పత్రం నకలు కూడా ఇస్తారు. ఎనిమిదికి ఐదు వేసిన జవాబుకు "ఏడు రావాలండీ" అంటే ఇందులో దారి లేదు. రీవెరిఫికేషన్‌కి కట్టినవాళ్లు రీకౌంటింగ్‌కి విడిగా కట్టక్కర్లేదు. ఇంటర్‌లో ఈ ఫీజులు పేపరుకు 260, 1,300.

అయితే ఇది దండగ ఖర్చనుకోకండి. 2025 పదో తరగతి ఫలితాల తర్వాత రీవెరిఫికేషన్‌లో వేల పత్రాల్లో మార్కులు మారాయి. తప్పు సాధారణంగా మూడు చోట్ల జరుగుతుంది. చాలా సబ్జెక్టులకు జవాబు పుస్తకం 24 పేజీలది. పిల్లలు మధ్యలో రెండు పేజీలు ఖాళీగా వదిలి వెనక్కి వెళ్లి రాస్తే, దిద్దేవారు అయిపోయిందనుకుని మూసేసే ప్రమాదం ఉంది. రెండోది, లోపల 8 వేసి ముందు పట్టికలో వేరే ప్రశ్న గడిలో ఎక్కించడం. మూడోది కూడిక. నకలు చేతికొచ్చాక పెన్సిలు పట్టుకుని ప్రతి పేజీ మార్జిన్‌లో ఉన్న మార్కును ప్రశ్న నంబరుతో సహా ఒక కాగితం మీద రాసుకుని, ముందు పట్టికతో ఒక్కొక్కటీ సరిచూడండి. మిగతా అన్నింట్లో ఎనభై పైన వచ్చి ఒక్కదాంట్లో ఇరవై, ముప్పై వచ్చిందంటే మాత్రం ఆలోచించకుండా పెట్టాల్సిందే.

దరఖాస్తు బడి హెచ్ఎం లాగిన్ నుంచే వెళ్లాలి, గడువు కూడా కొద్ది రోజులే. ఫలితాలు రాగానే ఊరికి వెళ్లిపోతే ఇది చేజారుతుంది. ఇంకొక్క మాట, దీన్ని దయచేసి గుర్తుపెట్టుకోండి: ఫెయిలైన పిల్లలు రీవెరిఫికేషన్ ఫలితం కోసం ఆగి సప్లీ ఫీజు కట్టకుండా ఉండకూడదు. రెండూ ఒకేసారి కట్టాలి. అది తేలేసరికి సప్లీ గడువు వెళ్లిపోతుంది.

అపోహ: సప్లీ రాస్తే ఏడాది పోయినట్టే.

వాస్తవం: పోదు. 2025లో ఫలితాలు ఏప్రిల్ 23న వస్తే సప్లిమెంటరీ పరీక్షలు మే 19న మొదలయ్యాయి. అందులో పాసైనవాళ్లు అదే ఏడాది ఇంటర్‌లో చేరవచ్చు. నష్టం ఎక్కడంటే, నూజివీడు, శ్రీకాకుళం, ఇడుపులపాయ, ఒంగోలు ట్రిపుల్ ఐటీల్లో. ఆ సీట్లకు ప్రవేశ పరీక్ష లేదు, పదో తరగతి మార్కులే ఆధారం, అదీ మొదటి ప్రయత్నంలో పాసై ఉండాలి. ప్రభుత్వ, జడ్పీ, మున్సిపల్ బడుల్లో చదివినవాళ్లకు 4 శాతం డిప్రివేషన్ స్కోరు, అంటే వెనకబాటుకు ఇచ్చే అదనపు మార్కులు, కలుస్తుంది. మార్కులు సమానమైతే ముందు లెక్కల మార్కులు చూస్తారు.

పాసైన సబ్జెక్టునే మార్కులు పెంచుకోవడానికి మళ్లీ రాసే ఇంప్రూవ్‌మెంట్ ఇంటర్‌లో ఉంది, పదో తరగతిలో మామూలుగా లేదు. 2022లో కోవిడ్ తర్వాత ఒకసారి ఇచ్చింది చూసి ఏటా ఉంటుందనుకుంటున్నారు. ఇంటర్‌లో ఇంప్రూవ్‌మెంట్ రాసి తక్కువొస్తే పాతవి పోతాయన్న భయమూ అక్కర్లేదు. రెండింటిలో ఎక్కువ వచ్చినవే లెక్కలోకి వస్తాయి.

అపోహ: సీబీఎస్ఈలో ఏ1 అంటే 91 దాటినట్టు.

వాస్తవం: సీబీఎస్ఈ బోర్డు పరీక్షల్లో గ్రేడు మార్కుల హద్దుతో రాదు. ఆ సబ్జెక్టులో పాసైన పిల్లలందరినీ మార్కుల వరసలో నిలబెట్టి, మొదటి ఎనిమిదో వంతుకు ఏ1, తర్వాతి ఎనిమిదో వంతుకు ఏ2, అలా దిగుతూ పోతారు. పిల్లలంతా బాగా రాసిన సబ్జెక్టులో 92కి ఏ2 రావచ్చు, కష్టమైన దాంట్లో 88కే ఏ1 రావచ్చు. పైన చెప్పిన ఎస్ఎస్‌సీ ఏ1తో దీన్ని పోల్చకండి. పాస్ మార్కు 33 శాతం. పదో తరగతిలో థియరీ, ఇంటర్నల్ కలిపి చూస్తారు. పన్నెండులో థియరీ, ప్రాక్టికల్ విడివిడిగా పాసవ్వాలి. ప్రాక్టికల్‌లో ముప్పైకి ముప్పై వచ్చినా థియరీ పోతే పోయినట్టే.

అపోహ: ఎంట్రన్స్ ర్యాంకు వస్తే చాలు, ఇంటర్ మార్కులు ఎవరు చూస్తారు?

వాస్తవం: చాలామంది చూస్తారు. జేఈఈ మెయిన్‌లో ర్యాంకు వచ్చినా ఎన్ఐటీ సీటుకు ఇంటర్‌లో 75 శాతం ఉండాలి. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 65 శాతం. అది లేకపోతే బోర్డు టాప్ 20 పర్సంటైల్‌లోనైనా ఉండాలి. రాష్ట్ర ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఏపీ ఈఏపీసెట్ ర్యాంకులో 25 శాతం వెయిటేజీ ఇంటర్ గ్రూపు సబ్జెక్టులదే. ఇద్దరు పిల్లల మధ్య ఇంటర్‌లో పది శాతం తేడా ఉంటే నూటికి రెండున్నర పాయింట్లు. మిగతా 75 శాతానికి ఆధారమైన 160 మార్కుల ఈఏపీసెట్‌లో అది సుమారు ఐదారు ప్రశ్నలకు సమానం. ఇంజినీరింగ్ కన్వీనర్ కోటాకు గ్రూపు సబ్జెక్టుల్లో 45 శాతం, రిజర్వుడు వర్గాలకు 40 శాతం కనీసం ఉండాలి. జనవరి నుంచి ఐపీఈ (ఇంటర్ పబ్లిక్ పరీక్షలు) పక్కనపెట్టి ఎంట్రన్స్ మెటీరియలే చదివించే కాలేజీని నమ్మే ముందు ఈ అంకెలు వాళ్ల ముందు పెట్టి అడగండి.

అపోహ: విశాఖలో పుట్టాడు, ఇల్లు ఇక్కడే, కాబట్టి కాలేజీ సీట్లకు లోకల్.

వాస్తవం: పుట్టిన ఊరు, సొంతిల్లు కాదు, చదివిన చోటు చూస్తారు. రాజ్యాంగం 371డి అధికరణ కింద వచ్చిన నిబంధనల ప్రకారం అర్హత పరీక్షతో ముగిసే వరుస నాలుగేళ్లు ఇక్కడ చదివి ఉండాలి. అలా లేకపోతే ఏడేళ్ల చదువులో ఎక్కువ కాలం ఎక్కడ గడిచిందో చూస్తారు. బదిలీల మీద కొచ్చి, ముంబై తిరిగొచ్చే నేవీ పిల్లలకు ఇది కౌన్సెలింగ్ రోజు దాకా తెలియడం లేదు. ఆరో తరగతి నుంచి ఏ ఏడాదికి ఆ ఏడాది స్టడీ సర్టిఫికెట్ తీసి ఫైల్లో పెట్టుకోండి. మూతపడిన బడి నుంచి తర్వాత తెచ్చుకోవడం నరకం.

అపోహ: ఓపెన్ స్కూల్ సర్టిఫికెట్ చెల్లదు.

వాస్తవం: చెల్లుతుంది. ఏపీ ఓపెన్ స్కూల్ పదో తరగతి పాసైతే ఇంటర్‌లో చేరవచ్చు. ఐదు సబ్జెక్టులు, ఒక్కోదాంట్లో 35. ఒకసారి చేరితే ఐదేళ్లలో తొమ్మిది అవకాశాలు. రెగ్యులర్‌లో ఫెయిలైనవాళ్లు పాసైన సబ్జెక్టుల్లో రెండింటి వరకు మార్కులు ఇక్కడికి బదిలీ చేయించుకోవచ్చు. హార్బర్‌లో పనికెళ్లే కుర్రాడికి, పెళ్లయి చదువు ఆగిన ఆడపిల్లకు ఇంతకంటే మంచి దారి లేదు. దీన్ని చులకన చేసి మాట్లాడటం మానాలి.

అపోహ: మెమోలో పేరు తప్పు పడితే తర్వాత మార్పించుకోవచ్చు.

వాస్తవం: మార్పించుకోవచ్చు గానీ నెలలు పడుతుంది. పుట్టిన తేదీ విషయంలో మరీ కష్టం, ఎందుకంటే జీవితాంతం వయసుకు ఆధారం ఈ కాగితమే. తప్పు పుట్టేది పరీక్షకు ముందు, బడి పంపే నామినల్ రోల్‌లో, అంటే పరీక్ష రాసే పిల్లల వివరాల జాబితాలో. దాని ప్రింటు పిల్లల చేత సంతకం పెట్టించే రోజునే మీరు కూడా చూడాలి. బడి అడ్మిషన్ రిజిస్టరు, ఆధార్, నామినల్ రోల్ మూడూ పక్కపక్కన పెట్టుకుని చదవండి. ఇంటిపేరు ముందుందా వెనకుందా, పొట్టి అక్షరమా పూర్తి పేరా, 'శ్రీనివాసరావు' ఒక పదమా రెండా, తల్లి పేరు పుట్టింటి ఇంటిపేరుతో ఉందా, తేదీలో రోజు, నెల తారుమారయ్యాయా, ఫస్ట్ లాంగ్వేజ్ తెలుగా కాంపోజిట్ తెలుగా, రెండు పుట్టుమచ్చలు సరిగ్గా రాశారా. ఏది తేడా ఉన్నా ఎర్ర పెన్నుతో చుట్టి, హెచ్ఎంకి ఒక కాగితం రాసిచ్చి, ఆన్‌లైన్‌లో దిద్దిన తర్వాత కొత్త ప్రింటు అడిగి మళ్లీ చూడండి.