స్క్రీన్ మారితే పని మెరుగైనట్టేనా? ఇంటర్‌ఫేస్ మార్పులపై అపోహలు - వాస్తవాలు

ఆఫీసుల్లో జనం పొద్దున్నుంచి సాయంత్రం దాకా వాడే సాఫ్ట్‌వేర్‌కి స్క్రీన్లు డిజైన్ చేయడం నా పని. మా రంగంలో ఉన్నవాళ్లం తరచూ రెండు మాటలు వింటాం. కంపెనీవాళ్లు "కాస్త మోడర్న్‌గా చేయండి" అంటారు. వాడేవాళ్లు "బాగున్నదాన్ని ఎందుకు చెడగొడతారు?" అంటారు. రెండింటిలోనూ కొంత నిజం ఉంది. రెండింటి చుట్టూ బోలెడన్ని అపోహలూ పేరుకుపోయాయి. వాటిలో నాకు బాగా పట్టింపున్నవి ఇవి.

అపోహ: కొత్తగా కనిపిస్తోందంటే ముందుకు వెళ్లినట్టే

వాస్తవం: ఒక ఇంటర్‌ఫేస్, అంటే మనం చూస్తూ నొక్కుతూ వాడే స్క్రీన్, మెరుగుపడిందో లేదో తేల్చడానికి మేం అడిగే ప్రశ్నలు చాలా మామూలువి. అదే పనికి ఇప్పుడు ఎంతసేపు పడుతోంది? తప్పులు తగ్గాయా? తప్పు జరిగితే సరిదిద్దుకోవడం తేలికైందా? కొత్తగా చేరినవాళ్లు ఎవరినీ అడగకుండా పని మొదలుపెట్టగలుగుతున్నారా? పాతవాళ్లు తమ పాత వేగాన్ని మళ్లీ అందుకున్నారా? వీటికి జవాబు రాకుండా రంగులు, గుండ్రటి అంచులు చూపించి ప్రగతి అంటే నేను ఒప్పుకోను.

2012 అక్టోబర్‌లో వచ్చిన విండోస్ 8నే తీసుకోండి. స్టార్ట్ బటన్ తీసేసి, స్క్రీన్ మొత్తాన్ని కప్పేసే పలకలు పెట్టారు. టచ్ స్క్రీన్లు పెరుగుతున్న రోజులవి, కాబట్టి ఆ ఆలోచన ఎందుకొచ్చిందో అర్థమవుతుంది. కానీ మౌస్‌తో పనిచేసే మనిషి కంప్యూటర్ ఆఫ్ చేయాలంటే ఏం చేయాల్సి వచ్చిందో చూడండి. మౌస్‌ని కుడివైపు మూలకు తీసుకెళ్లాలి. పక్కనుంచి ఒక పట్టీ బయటికొస్తుంది. అందులో సెట్టింగ్స్ నొక్కాలి, తర్వాత పవర్, ఆ తర్వాత షట్‌డౌన్. ఆ మూలలో ఏదో దాగుందని చెప్పే గుర్తు స్క్రీన్ మీద ఎక్కడా లేదు. 2013లో 8.1తో స్టార్ట్ బటన్ తిరిగొచ్చింది. 2015లో విండోస్ 10తో స్టార్ట్ మెనూ కూడా వచ్చేసింది.

అపోహ: జనానికి మార్పంటే భయం, నాలుగు రోజులు పోతే వాళ్లే అలవాటు పడతారు

వాస్తవం: మా రంగంలో అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసిన మాట ఇదే. ఇందులో సగం నిజం ఉండటం వల్లే ఇది ఇంకా బతికుంది.

బిల్లులు ఎక్కించే ఒక డేటా ఎంట్రీ విభాగంలో పక్కన కూర్చుని గమనించినప్పుడు చూసిన సంగతి చెబుతాను. ఆపరేటర్ కళ్లు స్క్రీన్ మీద లేవు, కాగితం మీద ఉన్నాయి. ఎడమ చేతి వేలు కాగితంపై ఒక్కో వరుస వెంట కదులుతోంది. కుడి చెయ్యి నంబర్ ప్యాడ్ మీద ఉంది. తేదీ, ట్యాబ్, బిల్లు నంబర్, ట్యాబ్, మొత్తం, ఎంటర్. స్క్రీన్ వైపు ఆమె చూసేది బీప్ శబ్దం వచ్చినప్పుడే. ఆ సాఫ్ట్‌వేర్‌కి కొత్త వెర్షన్ వచ్చింది. చూడ్డానికి బాగుంది, అక్షరాలు పెద్దవయ్యాయి, ఖాళీ స్థలం పెరిగింది. కానీ తేదీ టైప్ చేసే గడి పోయి, నొక్కితే తెరుచుకునే క్యాలెండర్ వచ్చింది. ప్రతి బిల్లుకీ చెయ్యి కీబోర్డు వదిలి మౌస్ దగ్గరికి వెళ్లాలి, కళ్లు కాగితం వదిలి స్క్రీన్‌కి రావాలి, తేదీ వెతికి నొక్కాలి, తిరిగి కాగితంలో ఆపిన చోటు పట్టుకోవాలి. వరుస తప్పడం మొదలైంది. డెమో చూసినవాళ్లకు మాత్రం ఆ క్యాలెండరే అన్నిటికంటే ముచ్చటగా అనిపించింది.

ఆమెకు మార్పంటే భయమేమీ లేదు. చేతివేళ్లలో ఇంకిపోయిన నైపుణ్యం ఒక్కసారిగా పనికిరాకుండా పోయింది, అంతే. అలా ఇంకిన పనిని మనసు ఒక్కో అడుగుగా గుర్తుచేసుకోదు, చెయ్యి తనంతట తానే చేసుకుపోతుంది. అందుకే బటన్ చోటు మారితే, కొత్త చోటు తెలిసిన తర్వాత కూడా చాలాకాలం చెయ్యి పాత చోటికే వెళ్తుంది. ఆ నైపుణ్యం సంపాదించింది వాడేవాళ్లు, తమ సమయం పెట్టి. దాన్ని రద్దు చేస్తున్నప్పుడు బదులుగా ఏమిస్తున్నామో చెప్పగలగాలి.

అందుకే ఫిర్యాదులను నేను రెండు కుప్పలుగా విడదీస్తాను. "ఫలానాది ఎక్కడికి పోయింది?" అనేది మొదటి రకం. ఇవి నిజంగానే కొద్ది వారాల్లో తగ్గిపోతాయి. "ఇదివరకు ఒక్క క్లిక్‌తో అయ్యేది, ఇప్పుడు మూడు పడుతున్నాయి" అనేది రెండో రకం. ఇవి అలవాటుతో తగ్గవు. జనం విసిగి చెప్పడం మానేస్తారు, ఆ మౌనాన్ని చూసి మేం "అలవాటు పడ్డారు" అని రిపోర్టులో రాసుకుంటాం. 2021లో వచ్చిన విండోస్ 11లో రైట్ క్లిక్ మెనూ కుదించేసి, మిగతావన్నీ "షో మోర్ ఆప్షన్స్" వెనక్కి నెట్టారు. రోజూ ఆ వెనక ఉన్నవే వాడే మనిషికి ఆ అదనపు క్లిక్ ఎన్నేళ్లయినా అదనపు క్లిక్కే.

అపోహ: అలవాటైన పాతదాన్ని ముట్టుకోకపోవడమే మేలు

వాస్తవం: ఇది ఎదుటి పక్షం అపోహ. పై మాటలు చదివి "అదీ, చెప్పండి" అనుకున్నవాళ్లు దీన్ని కూడా ఓపిగ్గా చదవాలి.

2020 ఆగస్టులో సిటీబ్యాంక్, రెవ్లాన్ కంపెనీకి అప్పిచ్చిన సంస్థలకు వడ్డీ చెల్లించబోయింది. చెల్లించాల్సింది 78 లక్షల డాలర్లు. వెళ్లిపోయింది దాదాపు 90 కోట్ల డాలర్లు, అదీ చాలావరకు బ్యాంకు సొంత డబ్బు. వాడిన సాఫ్ట్‌వేర్ పేరు ఫ్లెక్స్‌క్యూబ్. అప్పు తాలూకు అసలు (ప్రిన్సిపల్) బయటికి పోకుండా బ్యాంకులోని అంతర్గత ఖాతాకు మళ్లాలంటే స్క్రీన్ మీద ప్రిన్సిపల్, ఫ్రంట్, ఫండ్ అనే మూడు గడులూ నింపాలి. పనిచేసినవాళ్లు ప్రిన్సిపల్ ఒక్కటి నింపితే చాలనుకున్నారు. పేరు చూస్తే ఎవరైనా అలాగే అనుకుంటారు కూడా. ఒకరు ఎక్కించారు, ఇంకొకరు సరిచూశారు, మూడో వ్యక్తి ఆమోదించారు. ముగ్గురికీ అది సరిగ్గానే కనిపించింది. డబ్బు బ్యాంకు బయటికి వెళ్తుందని ఒక హెచ్చరిక వచ్చింది, అందులో ఎంత వెళ్తుందో అంకె మాత్రం లేదు. వడ్డీ ఎలాగూ బయటికి వెళ్లాల్సిందే కాబట్టి ఆ హెచ్చరిక వాళ్లను ఆపలేదు. దాదాపు 50 కోట్ల డాలర్లు వెంటనే వెనక్కి రాలేదు. 2021 ఫిబ్రవరిలో కోర్టు అప్పిచ్చినవాళ్ల వైపే తీర్పిచ్చింది. 2022 సెప్టెంబర్‌లో పై కోర్టు ఆ తీర్పును కొట్టేసింది.

ఇలాంటి స్క్రీన్‌ని "అందరికీ అలవాటైందిగా" అని వదిలేయడం తప్పు. గడులకు అర్థమయ్యే పేర్లు పెట్టి, హెచ్చరికలో మొత్తం చూపిస్తే అది రీడిజైనే, అసలుసిసలు ప్రగతి కూడా. అందులో అందం గొడవే లేదు.

ఇక మైక్రోసాఫ్ట్ ఆఫీస్ 2007 వెర్షన్‌లో వచ్చిన రిబ్బన్ సంగతి, అంటే స్క్రీన్ పైభాగంలో బటన్లన్నీ పరిచిన పట్టీ. పాత మెనూలు తీసేశారని అప్పట్లో పెద్ద గోలే అయింది. నా ఉద్దేశంలో అది చేయాల్సిన పనే. ఏళ్ల తరబడి ఫీచర్లు కుక్కీ కుక్కీ వర్డ్ మెనూల్లో ఏది ఎక్కడుందో తెలియని స్థితి వచ్చింది. మైక్రోసాఫ్ట్ సేకరించిన వాడకం లెక్కల్లో వర్డ్ 2003లో వాడిన కమాండ్లన్నిటిలో పేస్ట్ ఒక్కటే 11 శాతానికి పైగా ఉంది. పేస్ట్, సేవ్, కాపీ, అన్‌డూ, బోల్డ్ ఈ అయిదూ కలిపి దాదాపు మూడో వంతు. రిబ్బన్‌లో పేస్ట్ బటన్ అంత పెద్దగా, ముందే ఉండటానికి కారణం ఆ లెక్కే. ఇంకో మంచి పని కూడా చేశారు. పాత మెనూలు పోయినా వాటి ఆల్ట్ కీ షార్ట్‌కట్లను ఉంచారు. ఎక్సెల్‌లో ఆల్ట్, ఈ, ఎస్ వరసగా నొక్కితే పేస్ట్ స్పెషల్ ఇప్పటికీ తెరుచుకుంటుంది. అందులోని 'ఈ' (E) అక్షరం అంటే ఎడిట్ మెనూ. ఆ మెనూ పోయి ఎన్నేళ్లయినా అది వేళ్లకు గుర్తున్నవాళ్లను ఇబ్బంది పెట్టలేదు. అలాగని అంతా సవ్యంగా జరగలేదు, రిబ్బన్‌ని మనకు నచ్చినట్టు సర్దుకునే వీలు ఆఫీస్ 2010 దాకా రాలేదు.

అపోహ: స్క్రీన్ మీద ఎంత తక్కువ ఉంటే అంత సులువు

వాస్తవం: కొన్నిసార్లు. బటన్ కనిపించకుండా పోయినంత మాత్రాన ఆ పని అవసరం పోదు. లారీ టెస్లర్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త చెప్పిన సూత్రం మాకు బాగా పనికొస్తుంది: ప్రతి సాఫ్ట్‌వేర్‌లోనూ తగ్గించలేని చిక్కు కొంత ఉంటుంది, దాన్ని తయారుచేసేవాళ్లు మొయ్యాలా, వాడేవాళ్లు మొయ్యాలా అన్నదే తేల్చాల్సింది. మూడు గీతల బటన్ వెనక అన్నీ దాచేస్తే మాకు స్క్రీన్ శుభ్రంగా ఉంటుంది, వెతుకులాట వాడేవాళ్ల నెత్తిన పడుతుంది.

విండోస్ 11 రైట్ క్లిక్ మెనూలో కట్, కాపీ, రీనేమ్, డిలీట్ పేర్లు తీసేసి చిన్న బొమ్మలు మిగిల్చారు. 2024లో వచ్చిన అప్‌డేట్‌లో ఆ బొమ్మల కింద పేర్లు మళ్లీ పెట్టారు. 2013లో యాపిల్, ఐఫోన్లను నడిపే ఐఓఎస్ 7తో బటన్ల చుట్టూ అంచులు తీసేసింది. ఏది నొక్కవచ్చో, ఏది ఉత్త అక్షరమో తేడా తెలియని పరిస్థితి. మరుసటి ఏడాది 7.1లో బటన్ ఆకారాలు చూపించే సెట్టింగ్ ఇచ్చారు. చూపు మందగించినవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. సన్నటి బూడిద రంగు అక్షరాల ఫ్యాషన్ కూడా ఈ కోవలోదే. మామూలు సైజు అక్షరాలకూ వెనక రంగుకూ మధ్య వెలుగు తేడా కనీసం 4.5:1 నిష్పత్తిలో ఉండాలని వెబ్ యాక్సెసిబిలిటీ నియమాలు ఎప్పటినుంచో చెబుతున్నాయి. ఇది అభిరుచికి వదిలేసే సంగతి కాదు, కొలిచి చూడొచ్చు.

అపోహ: కొద్దిమందే వాడే ఫీచర్ తీసేస్తే ఎవరికీ నష్టం లేదు

వాస్తవం: శాతాల్లో చిన్నగా కనిపించేది ఒక మనిషి రోజువారీ పనిలో మొత్తమే కావచ్చు. 2024 మే నెలలో స్పీకర్లు తయారుచేసే సోనోస్ తన యాప్‌ని మొదటినుంచీ తిరగరాసి విడుదల చేసింది. అలారాలు, స్లీప్ టైమర్ లాంటివి మొదటి వెర్షన్‌లో లేవు. చూపులేనివాళ్లు వాడే స్క్రీన్ రీడర్‌తో యాప్ సరిగ్గా పనిచేయలేదు. పాత యాప్‌కి వెనక్కి వెళ్లే దారి లేదు. 2025 జనవరిలో ఆ సంస్థ సీఈఓ పదవి వదులుకున్నారు.

మొత్తం తిరగరాసే ప్రతి ప్రాజెక్టులోనూ ఈ ప్రమాదం పొంచి ఉంటుంది. పాత సాఫ్ట్‌వేర్‌లోని చిన్నాచితకా సదుపాయాలు ఏళ్ల తరబడి ఎవరో ఒకరు అడగ్గా చేరినవి. వాటి జాబితా ఏ డాక్యుమెంట్‌లోనూ ఉండదు. ఒక్కోటి పోయాక గానీ అది ఉండేదని తయారుచేసినవాళ్లకే తెలియదు.

అపోహ: రీడిజైన్ ఎప్పుడూ వాడేవాళ్ల కోసమే జరుగుతుంది

వాస్తవం: కారణాలు చాలా ఉంటాయి. పాత కోడ్‌ని నడిపే టెక్నాలజీకి సపోర్ట్ ఆగిపోవచ్చు. ఫోనులో, కంప్యూటర్‌లో ఒకేలా కనిపించాలని కంపెనీ అనుకోవచ్చు. కొత్త వెర్షన్ అమ్మాలంటే ఫొటోలో తేడా కనిపించాలి. ఇవేవీ నేరాలు కావు. వాటిని దాచి "మీ సౌకర్యం కోసమే" అని ప్రకటిస్తేనే నాకు బాధ. అసలు కారణం చెబితే జనం చాలావరకు అర్థం చేసుకుంటారు.

అపోహ: ప్రగతి అంటే కంటికి కొట్టొచ్చినట్టు కనిపించాలి

వాస్తవం: ఇంటర్‌ఫేస్‌లలో వచ్చిన గొప్ప మెరుగుదలలు చాలావరకు ఫొటోలో పడవు. పైన చెప్పిన టెస్లరే 1970ల మధ్యలో జెరాక్స్ పరిశోధన కేంద్రంలో కట్, కాపీ, పేస్ట్ పద్ధతికి రూపమిచ్చినవారిలో ముఖ్యుడు. ఆ తర్వాత ఆయన యాపిల్‌కి వెళ్లారు. ఎక్స్, సీ, వీ కీలు అక్కడి కంప్యూటర్ల నుంచే అందరికీ పాకాయి. ఇన్ని వెర్షన్లు వచ్చినా వాటి జోలికి ఎవరూ పోలేదు. అన్‌డూ, ఆటోసేవ్, కరెంటు పోయినా తిరిగొచ్చే ఫైలు, టైప్ చేస్తుండగానే వచ్చే వెతుకులాట ఫలితాలు, ఇవన్నీ వచ్చినప్పుడు ఎవరి చేతి అలవాటూ చెడలేదు.

కంటికి కనిపించే మార్పు కూడా జాగ్రత్తగా చేస్తే నిలబడుతుంది. త్రీడీ బొమ్మలు చేసే బ్లెండర్‌లో దేన్నైనా ఎంచుకోవడానికి ఏళ్ల తరబడి కుడి క్లిక్ వాడేవారు. మిగతా ప్రపంచమంతా ఎడమ క్లిక్. కొత్తగా వచ్చినవాళ్లు మొదటి నిమిషంలోనే తడబడేవారు. 2019 జులైలో వచ్చిన 2.80 వెర్షన్‌లో ఎడమ క్లిక్‌ని మామూలు పద్ధతిగా మార్చారు, కుడి క్లిక్ కావాలంటే సెట్టింగ్స్‌లో అట్టే ఉంచారు. కొత్తవాళ్లకు దారి తెరుచుకుంది, పాతవాళ్ల చేతులకు పని చెడలేదు.

అపోహ: ఫిర్యాదు చేసి లాభం లేదు, వాళ్లు వినరు

వాస్తవం: వింటారు, ఫిర్యాదు ఎలా ఉందన్నదాన్ని బట్టి. విండోస్ 11లో ఫైళ్లను టాస్క్‌బార్ మీదకు లాగి వదిలే వీలు మొదట లేదు, 2022లో తిరిగొచ్చింది. టాస్క్‌బార్‌లో ఒక్కో విండో పేరు విడిగా కనిపించే పద్ధతి 2023లో తిరిగొచ్చింది.

"కొత్తది చెత్తగా ఉంది, పాతదే ఇవ్వండి" అన్న మెయిల్‌తో నేను చేయగలిగింది ఏమీ ఉండదు. నాకు కావాల్సింది ఇది: ఏ పని చేస్తున్నారు, రోజులో ఎన్నిసార్లు చేస్తారు, ఇదివరకు ఏ కీలు నొక్కేవారు, ఇప్పుడు ఏవి నొక్కాల్సి వస్తోంది, ఎక్కడ తప్పు దొర్లుతోంది. వీలైతే స్క్రీన్ రికార్డ్ చేసి పంపండి, రహస్యంగా ఉండాల్సిన వివరాలేమీ కనిపించకుండా చూసుకుని. పైన చెప్పిన బిల్లుల విభాగం నుంచి అలాంటి వీడియో ఒకటి ఆ సాఫ్ట్‌వేర్ తయారుచేసిన బృందానికి చేరింది. వాదన అవసరం లేకుండా పోయింది. తర్వాతి అప్‌డేట్‌లో క్యాలెండర్‌ని ఉంచి, అదే గడిలో తేదీ టైప్ చేసే వీలు కూడా ఇచ్చారు. ట్యాబ్ నొక్కితే మళ్లీ బిల్లు నంబర్‌కి వెళ్తోంది.