గుట్టల ముందు కూర్చుని రంగులు వేయడం: కొన్ని అపోహలు - వాస్తవాలు

చాలా ఏళ్లుగా వారానికి ఒక రోజైనా అట్ట, కాగితం, రంగుల డబ్బా, నీళ్ల సీసా పట్టుకొని నల్గొండ చుట్టుపక్కలకో, పాలమూరు వైపుకో వెళ్తున్నాను. కళ్ల ముందున్న చోటును అక్కడే కూర్చుని నీటి రంగుల్లో వేస్తాను. ఆ తర్వాత ఆ బొమ్మలను అదే ఊళ్లో చూపిస్తాను. ఈ రెండో పని చేయకపోతే మొదటిది సగమే అయినట్టు ఉంటుంది నాకు. ఇష్టం ఉండి కూడా మొదలుపెట్టలేనివాళ్లు చెప్పే కారణాల్లో కొన్ని అపోహలు పదే పదే వినిపిస్తుంటాయి.

అపోహ: మన దగ్గర గీయడానికి ఏముంది, రాళ్లు, తుమ్మచెట్లు తప్ప? అరకుకో ఊటీకో పోవాలి.

వాస్తవం: ఆ రాళ్లు చాలు. మన గుట్టల గ్రానైటు సుమారు 250 కోట్ల ఏళ్ల నాటిది. ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న గుండ్లను ఎవరూ పేర్చలేదు. పగుళ్లలోకి నీళ్లు దిగి, అంచులు అరిగి, చుట్టూ ఉన్న మట్టి కొట్టుకుపోతే అవి అలా మిగిలాయి. దగ్గరికి వెళ్లి చూడండి, ఒకచోట గులాబీ ఛాయ, ఒకచోట వాన నీళ్లు జారిన నల్లటి చారలు, అడుగున చెల్క నేల ఎరుపు తగిలి వెచ్చగా మారిన పొట్ట. శివరాత్రి రోజుల్లో వాటి పక్కన మోదుగలు పూస్తాయి, బతుకమ్మ నాటికి తంగేడు, గునుగు వస్తాయి. దేవరకొండ ఖిల్లా కింద ఒకే బండను నేను ఆరుసార్లు వేశాను. ఒక బొమ్మకు ఇంకో బొమ్మకు పోలిక లేదు.

అపోహ: రాయి బూడిద, ఆకు పచ్చ, నీడ నలుపు.

వాస్తవం: మా ఊరి పేర్లే దీనికి జవాబు. నల్లగొండ అంటే నల్ల కొండ. పాత పేరు నీలగిరి అంటారు, అంటే నీలి కొండ. రంగులు వేసేవాళ్లకు రెండూ నిజమే. దూరం నుంచి గుట్ట నీలంగా కనిపిస్తుంది, ఎందుకంటే మధ్యలో ఉన్న గాలి నీలి వెలుగును ఎక్కువగా చెదరగొడుతుంది. దగ్గరికి వచ్చేకొద్దీ ఆ పొర పలచబడి గుట్ట నల్లబడుతుంది. దూరపు కొండలు నునుపు అనే సామెతను నేను పిల్లలకు పాఠంగానే చెబుతాను. దూరపు గుట్ట మీద రాళ్లు లెక్కపెట్టొద్దు, అంచు మెత్తగా వదిలేయండి, ముదురు తగ్గించి కాస్త నీలం కలపండి. కాగితం మీద దూరం దానంతటదే వస్తుంది.

నీడ సంగతీ అంతే. ఎండ తగలని చోట కూడా ఆకాశం వెలుగు పడుతుంది కాబట్టి నీడలో నీలం ఉంటుంది. ఎర్ర మట్టి మీద పడితే ఊదా వైపు తిరుగుతుంది. నల్ల రంగు ట్యూబును ఇంట్లోనే వదిలి రండి. అల్ట్రామెరీన్ బ్లూ అనే ముదురు నీలం, బర్న్ట్ సియన్నా అనే ఎర్ర గోధుమ రంగు, ఈ రెండూ పాళ్లు మార్చి కలిపితే మన బండలకు కావలసిన బూడిద రంగులన్నీ వస్తాయి.

అపోహ: ఖరీదైన సామాన్లు కావాలి.

వాస్తవం: కాగితం ఒక్కటి మంచిది కొనండి, 300 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో) ఉంటే నీళ్లకు ముడతలు తక్కువ. రంగులు ఐదారు చాలు. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున ఆరింటికే కూర్చోండి. తొమ్మిది దాటితే రంగు పరిచేలోపే ఆరిపోతుంది. తెల్ల కాగితం మీద ఎండ పడితే కళ్లు చెదిరి రంగులన్నీ తప్పుగా కలుస్తాయి, అందుకే వేపచెట్టు నీడ వెతుక్కోండి.

అపోహ: ఒక్క కూర్చోవడంలోనే పూర్తి చేయాలి, లేదంటే ఫోటో తీసుకొని ఇంట్లో వేసుకోవచ్చు.

వాస్తవం: పానగల్ ఛాయా సోమేశ్వరాలయంలో శివలింగం వెనుక పడే నీడ పగలంతా కదలకుండా నిలిచి ఉంటుంది. బయట మనకు ఆ వీలు లేదు. సూర్యుడు గంటకు 15 డిగ్రీలు జరుగుతాడు. రెండు గంటలు దాటితే మీరు మొదలుపెట్టిన నీడ అక్కడ ఉండదు. అందుకే కూర్చోగానే నీడల ఆకారం పెన్సిల్‌తో గుర్తుపెట్టుకోండి. అయిపోకపోతే మర్నాడు అదే వేళకు రండి, అందులో తప్పేమీ లేదు. ఫోటో కూడా తీసుకోండి, కానీ దాన్నే నమ్ముకోవద్దు. ఆకాశం సరిగ్గా వస్తే చెట్టు కింద అంతా నల్లగా పడుతుంది, చెట్టు కింద కనబడితే ఆకాశం తెల్లబోతుంది. మన కన్ను రెండిటినీ చూస్తుంది.

అపోహ: జనం గుమిగూడి పని చేయనివ్వరు.

వాస్తవం: మొదట్లో నాకూ అదే టెన్షన్. కానీ జనానికీ మనల్ని చూస్తే టెన్షన్ ఉంటుందని తర్వాత తెలిసింది. అట్ట పట్టుకొని చేను గట్టు మీద కూర్చుంటే ఒక రైతు పరుగున వచ్చి, "సర్వే సారువా? మా భూమి ఏమన్న పోతదా?" అని అడిగాడు. ఆయన ముఖం ఇప్పటికీ గుర్తుంది. అప్పటి నుంచి కూర్చునే ముందే దగ్గర్లో ఉన్నవాళ్లకు చెబుతాను, పాత బొమ్మలు రెండు చూపిస్తాను.

ఆ తర్వాత వాళ్లే గురువులవుతారు. ఒకసారి తాటిచెట్టు బొమ్మలో లొట్టిని, అంటే కల్లు కుండను, కాండానికి కట్టినట్టు వేశాను. మోకు భుజాన వేసుకొని పోతున్న గౌడ్ తాత ఆగి చూశాడు. "గిది ఈతచెట్టు అనుకున్నవా బిడ్డా? ఈతకైతే కాండం గీసి గట్ల కడతరు. తాడికి పైన మట్టల సందున గెలకు కడతరు" అన్నాడు. అప్పటిదాకా నాకు ఆ తేడా తెలియదు. ఏ ఆర్ట్ టీచరూ చెప్పని తప్పు అది, చెట్టెక్కేవాళ్లే చెప్పగలరు.

అపోహ: గుడి, కోట బొమ్మ వేయాలంటే పర్మిషన్ కావాలి.

వాస్తవం: 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ ప్రకారం కట్టడాన్ని బొమ్మగా వేయడం, ప్రచురించడం ఉల్లంఘన కాదు. కాపలా ఉన్న డ్యాముల దగ్గర, అమ్రాబాద్ అడవిలో మాత్రం సిబ్బందిని అడిగాకే కూర్చోండి.

అపోహ: ఆ దృశ్యం ఎక్కడికి పోతుంది, ఎప్పుడైనా వేయొచ్చు.

వాస్తవం: మహబూబ్‌నగర్ పిల్లలమర్రి ఏడు వందల ఏళ్ల చెట్టని చెప్పుకుంటాం. 2017 డిసెంబర్‌లో దాని పెద్ద కొమ్మ విరిగి పడింది. చెదలు తిన్న చెట్టుకు 2018లో సెలైన్ సీసాలతో మందు ఎక్కించారు. క్వారీల వల్ల ఆకారం మారిపోయిన గుట్టలు నా పాత బొమ్మల్లో మూడున్నాయి. పెంకుటిళ్లు, దిగుడు బావులు అయితే లెక్కే లేదు.

అపోహ: చూపించాలంటే హైదరాబాద్‌లో గ్యాలరీ దొరకాలి.

వాస్తవం: బడి వరండా, ఒక తాడు, బట్టల క్లిప్పులు ఉంటే సరిపోతుంది. హెడ్‌మాస్టర్‌ను ముందు రోజు అడుగుతాను, ఎండ నేరుగా పడని గోడ చూసుకుంటాను, ఎందుకంటే నీటి రంగులు వెలిసిపోతాయి. ఎవరి ఇల్లు వేశానో వాళ్లకు కలర్ జిరాక్స్ ఒకటి ఇస్తాను. బొమ్మలో మనిషి ముఖం గుర్తుపట్టేలా ఉంటే, అడగకుండా ఊరి వాట్సాప్ గ్రూపులో కూడా పెట్టను. వచ్చినవాళ్లు రంగుల గురించి మాట్లాడరు. మా బోరు ఎక్కడుంది, ఆ చింతచెట్టు ఏది అని వెతుకుతారు. ఆ వెతుకులాట చూడటం నాకు చాలా ఇష్టం.

సోమశిల దగ్గర కృష్ణ ఒడ్డున వేసిన బొమ్మలు అలాగే కట్టిన రోజు, ఒక అవ్వ అన్నీ చూసి నీళ్ల బొమ్మ దగ్గర ఆగింది. "మా పాత ఊరు గీస్తవా బిడ్డా?" అని అడిగింది. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లలో మునిగిన ఊరు అది. చూడనిది వేయలేను అవ్వా అన్నాను. "ఎండాకాలం నీళ్లు తగ్గినంక రా, గోడలు తేల్తయి" అంది. మే నెలలో వెళ్లాను. ఎండిన బురద మీద పునాది రాళ్ల వరుసలు తేలాయి. కాగితం మీద అవి వేస్తుంటే, అవ్వ పక్కన కూర్చుని తడి రంగుకు తగలకుండా వేలు పైపైన కదిలిస్తూ ఒక్కో ఇల్లు ఎవరిదో చెప్పింది. ఆ పేర్లన్నీ పెన్సిల్‌తో బొమ్మ వెనక రాసుకున్నాను.