ఓడ వచ్చిన రోజే కూలి: విశాఖలో కాంట్రాక్టు పని వెనుక కథ

రిఫైనరీలోనో ఎరువుల ఫ్యాక్టరీలోనో షట్‌డౌన్ పడిందంటే మల్కాపురం, గాజువాకల్లో అద్దె గదులకు గిరాకీ పెరుగుతుంది. ఫిట్టర్లు, బరువులెత్తి దించే రిగ్గర్లు, గ్యాస్ కట్టర్లు, వెల్డర్లు బ్యాగులతో దిగుతారు. రాత్రీపగలూ నడిచే ప్లాంటును ఆపి, కొద్ది వారాల్లో విప్పి, కడిగి, బిగించి మళ్లీ నడపాలి. వేడిని ఒక ద్రవం నుంచి మరోదానికి మార్చే హీట్ ఎక్స్‌చేంజర్ మూత బోల్టులు ఊడదీసి, లోపలి ట్యూబుల కట్టను మెల్లగా బయటికి లాగుతారు. ఒక్కో ట్యూబులోకీ ప్రెషర్‌తో నీళ్లు కొడుతుంటే నల్లటి మడ్డి అవతలి చివర నుంచి చిమ్ముతుంది. గాస్కెట్ మార్చి, మళ్లీ లోపలికి తోసి, నీటి ఒత్తిడితో టెస్టు చేస్తారు. ఇదంతా అయ్యేదాకా వందల మంది కావాలి. ప్లాంటు స్టార్టయ్యాక వాళ్లలో చాలామందికి అక్కడ పని ఉండదు.

కాంట్రాక్టు మనుషుల్ని పెట్టుకోవడంలో వ్యాపారానికున్న అసలు లాభం ఇదే. 20, 30 రోజుల పనికి ఏడాది పొడవునా జీతాలు మోయక్కర్లేదు. రోజూ అవసరం లేని నైపుణ్యం అవసరమైన రోజున చేతికందుతుంది. మనుషుల్ని వెతకడం, హాజరు వేయడం కాంట్రాక్టరు చూసుకుంటాడు. అందులో తప్పేమీ లేదు. కానీ పని లేని రోజు ఖర్చు మాయమైపోదు, ఎవరో ఒకరి మీద పడుతుంది. ఎవరి మీద పడాలన్న తగాదా విశాఖలో హార్బర్‌తోనే మొదలైంది.

1933లో తెరిచిన ఈ రేవు ముఖ్యంగా మధ్యపరగణాల మాంగనీసు ఖనిజాన్ని బయటికి పంపడానికి కట్టింది. ఓడలు లెక్క ప్రకారం రోజుకొకటి రావు. ఒక వారం మూడొస్తాయి, ఆపైన రేవు ఖాళీ. సరుకు ఎక్కించి దించే కళాసీలకు ఓడ ఉన్న రోజు కూలి, లేని రోజు పస్తు. మేస్త్రీ ఎవరిని పిలిస్తే వాళ్లకే పని. దేశంలోని పెద్ద రేవులన్నిట్లో ఇదే తీరు. 1948లో వచ్చిన డాక్ కార్మికుల చట్టం దీనికి ఒక దారి చూపింది: కార్మికుల పేర్లు రిజిస్టరులో ఎక్కించి, వంతుల వారీగా పని ఇవ్వడం, హాజరై కూడా పని దొరకని రోజుకు కొంత చెల్లించడం. ఆ చట్టం కిందే విశాఖలోనూ డాక్ లేబర్ బోర్డు ఏర్పడింది. ఓడల కంపెనీలకు కావలసినప్పుడు మనుషులు దొరికారు, కళాసీ ఇంట్లో పొయ్యీ వెలిగింది. రెండూ కుదిరే పద్ధతి ఒకటి ఈ ఊళ్లోనే నడిచిందని గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే ఇప్పుడు చాలామంది అది కుదిరే పనే కాదన్నట్టు మాట్లాడుతున్నారు.

ఇక 1971. జనవరి 20న ఇందిరాగాంధీ స్టీల్‌ప్లాంటుకు శంకుస్థాపన చేశారు. సరిగ్గా మూడు వారాలకు, ఫిబ్రవరి 10న, 1970 నాటి కాంట్రాక్టు లేబర్ చట్టం అమల్లోకి వచ్చింది. చట్టం పేరులో ‘రద్దు’ అన్న మాట ఉన్నా అది కాంట్రాక్టు పనిని మొత్తంగా ఆపలేదు. 20 మంది, అంతకు మించి ఉన్నచోట లైసెన్సు ఉండాలంది. ఏడాది పొడవునా నడిచే శాశ్వత పనుల్లో నిషేధించే అధికారం ప్రభుత్వానికి ఇచ్చింది. కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే ప్రధాన యజమానే, అంటే పని చేయించుకునే కంపెనీయే, కట్టాలంది. ‘మాకేం సంబంధం, కాంట్రాక్టరును అడగండి’ అని గేటు దగ్గర చెప్పే మాట ఆనాటి నుంచే చట్టం ముందు చెల్లదు.

1976లో పెద్ద ఫ్యాక్టరీల్లో కార్మికుల్ని తొలగించాలంటే ప్రభుత్వ అనుమతి తప్పనిసరి చేశారు. మొదట 300 మంది ఉన్నచోట, తర్వాతి సవరణతో 100 మంది ఉన్నచోటే. పర్మినెంటు మనిషిని తీసుకుంటే మళ్లీ పంపలేమన్న భయం యాజమాన్యాలకు పట్టుకుంది. షట్‌డౌన్‌కే పరిమితం కావలసిన కాంట్రాక్టు పద్ధతి రోజువారీ పనుల్లోకి పాకడానికి అదొక కారణం.

తర్వాత కోర్టులు. నిషేధించిన పనిలో ఉన్న కాంట్రాక్టు కార్మికులు నేరుగా కంపెనీ మనుషులైపోతారని 1996లో ఎయిరిండియా కేసులో సుప్రీంకోర్టు అంది. 2001లో ప్రభుత్వ ఉక్కు సంస్థ సెయిల్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం దాన్ని మార్చింది. దానంతటదే ఉద్యోగం రాదు, కాంట్రాక్టు ఉత్తుత్తిదని తేలితేనే వస్తుందని చెప్పింది. 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ తన పరిధిలో ఆ కాంట్రాక్టు లేబర్ చట్టాన్ని సవరించి, సంస్థ ప్రధాన పనిలో కాంట్రాక్టును నిషేధించింది. పారిశుద్ధ్యం, సెక్యూరిటీ, క్యాంటీన్, లోడింగ్ లాంటివి బయట పెట్టింది. ప్రధాన పనిలోనూ ఉన్నట్టుండి పని పెరిగితే మినహాయింపు ఇచ్చింది. నా దృష్టిలో షట్‌డౌన్ తర్కాన్ని సరిగ్గా పట్టుకున్న సవరణ ఇది.

చిక్కల్లా రోజూ ఉండే పనికి కాంట్రాక్టు పెట్టినప్పుడే. టెండరు మారుతుంది, గేట్‌పాస్ మీద పేరు మారుతుంది, మనిషి మాత్రం అదే మెషీన్ దగ్గర ఉంటాడు. అక్కడ కంపెనీకి మిగిలేది జీతాల తేడా ఒక్కటే. తక్కువ కోట్ చేసినవాడికే పని పోతే, ఏ బోల్టు ఎక్కడ పట్టేస్తుందో తెలిసిన పాత ఫిట్టరు తర్వాతి షట్‌డౌన్‌కు రాడు. ఎవరి మనిషైనా ప్రమాదం మాత్రం ఒకటే: 2020 ఆగస్టు 1న షిప్‌యార్డులో క్రేన్ కూలి 11 మంది చనిపోయారు. వాళ్లలో సంస్థ ఉద్యోగులూ ఉన్నారు, కాంట్రాక్టు సంస్థల మనుషులూ ఉన్నారు. స్టీల్‌ప్లాంటులో తొలగింపుల మీద 2025 మేలో కాంట్రాక్టు కార్మికులు సమ్మెకు దిగారు.

2025 నవంబరు 21 నుంచి, పాత కార్మిక చట్టాల స్థానంలో కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. ప్రధాన పని, ఇతర పని అన్న విభజన ఇప్పుడు దేశమంతటికీ వర్తిస్తుంది. కాంట్రాక్టు కార్మికుల సంక్షేమ వసతులు నేరుగా ప్రధాన యజమాని బాధ్యత. కాకపోతే కాంట్రాక్టు నిబంధనలు వర్తించే పరిమితి 20 నుంచి 50కి పెరిగింది. గాజువాకలో ముప్పై, నలభై మందిని పెట్టుకుని షట్‌డౌన్లకు పంపే చిన్న కాంట్రాక్టరుకు ఆ లైసెన్సు ఇక అక్కర్లేదు. పీఎఫ్, ఈఎస్ఐ మాత్రం అతను కట్టాల్సిందే.