లివర్ కొక్కేలు

కొలెస్ట్రాల్ పరీక్ష రిపోర్టులో ఎల్‌డీఎల్ 160 అని కనబడగానే చాలామంది ముందు గుడ్లు మానేస్తారు. నిజానికి మన ఒంట్లోని కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగం తిండి నుంచి వచ్చింది కాదు, శరీరం సొంతంగా తయారు చేసుకున్నదే. కణాల పొరలకు, కొన్ని హార్మోన్లకు, పిత్తరసానికి అది కావాలి మరి.

కొలెస్ట్రాల్ రక్తంలో కరగదు. అందుకే ఎల్‌డీఎల్ అనే రేణువులనెక్కి తిరుగుతుంది. దీన్ని ‘చెడు కొలెస్ట్రాల్’ అనడం నాకంత నచ్చదు. అదొక బండి, అంతే. బండ్లు ఎక్కువై రోడ్డు మీదే ఉండిపోతే, రక్తనాళాల గోడల్లోకి దూరి పూడిక పెడతాయి. వాటిని రోడ్డు మీద నుంచి లాగేసే పని ముఖ్యంగా లివర్‌ది. లివర్ కణాల మీద కొక్కేల్లాంటి రిసెప్టార్లుంటాయి. ఒక్కో కొక్కెం ఒక ఎల్‌డీఎల్‌ను పట్టుకుని లోపలికి దిగుతుంది, దాన్ని వదిలేసి మళ్లీ పైకొస్తుంది. ఒక ట్రిప్పుకు సుమారు 10 నిమిషాలు.

ఈ సంగతి తేల్చినందుకే అమెరికా శాస్త్రవేత్తలు బ్రౌన్, గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ వచ్చింది. ఈ కొక్కేలను దెబ్బతీసే జన్యులోపం ఒకటుంది. తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా అది వచ్చిన పిల్లల్లో కొక్కేలు దాదాపు పనిచేయవు. ఏం తిన్నా తినకపోయినా వాళ్లకు చిన్న వయసులోనే గుండెపోటు రావచ్చు.

మనం చేసే ప్రయత్నాలన్నీ చాలావరకు ఈ కొక్కేల చుట్టూ తిరిగేవే. వెన్న, పామాయిల్, మాంసంలోని కొవ్వు లాంటి సంతృప్త కొవ్వులు వాటిని తగ్గిస్తాయి. ఓట్స్, చిక్కుళ్లలోని పీచు పేగుల్లో పిత్తరసాన్ని పట్టుకుని బయటికి తీసుకుపోతుంది. కొత్త పిత్తం తయారీకి లివర్ రక్తంలోని కొలెస్ట్రాల్‌నే లాక్కోవాలి.

కొలెస్ట్రాల్ తగ్గడానికి డాక్టర్లు ఇచ్చే స్టాటిన్ మాత్ర చేసేదీ దాదాపు ఇదే. జపాన్‌లో అకిరా ఎండో అనే శాస్త్రవేత్త వేల రకాల బూజులు, శిలీంధ్రాలు వెతికి, 1973లో ఒక పెనిసిలియం బూజులో మొదటి స్టాటిన్ పట్టుకున్నారు. అది లివర్‌లో కొలెస్ట్రాల్ తయారీకి అడ్డుపడుతుంది. సరుకు తక్కువైన లివర్ కంగారుపడి మరిన్ని కొక్కేలు బయటపెడుతుంది. డోసు రెట్టింపు చేస్తే ఫలితం రెట్టింపవుతుందనుకోకండి. ఎల్‌డీఎల్ ఇంకో 6 శాతం తగ్గుతుందంతే.

మూడు నెలలకు రిపోర్టు నార్మల్ రాగానే మాత్ర ఆపేసేవాళ్లున్నారు. ఆపితే ఏ నొప్పీ, ఏ తేడా తెలియదు. లివర్ మాత్రం కొలెస్ట్రాల్‌ను మళ్లీ సొంతంగా చేసుకోవడం మొదలుపెట్టి, ఇక అవసరం లేదని కొక్కేలు తగ్గించేస్తుంది. కొన్ని వారాల్లో ఎల్‌డీఎల్ పాత అంకె దగ్గరికే వచ్చేస్తుంది.