బ్యాలెన్స్ కోసం పెట్టిన వేలు డబ్బు కూడా తీయగలదు: అపోహలు - వాస్తవాలు

"బ్యాలెన్స్ చూద్దామనే కదా వేలు పెట్టాను!" ఖాతాలో డబ్బు పోయిందని బ్రాంచికి పరుగెత్తుకొచ్చే పెద్దవాళ్ల నోట మొదట వచ్చే మాట ఇది. స్మార్ట్‌ఫోన్ లేనివాళ్లు, యాప్ అంటే భయపడేవాళ్లు ఎక్కువగా నష్టపోతున్నది ఇక్కడే, బ్యాంకు తరఫున ఊళ్లో మెషీన్‌తో లావాదేవీలు చేసే బ్యాంకు మిత్ర దగ్గర వేలిముద్ర పెట్టేచోటే. అందుకే దీన్నే ముందు చెప్పాలి.

అపోహ: వేలిముద్రతో బ్యాలెన్స్ మాత్రమే తెలుస్తుంది. డబ్బు తీయాలంటే పిన్నో ఓటీపీనో అడుగుతుంది.

వాస్తవం: అడగదు. ఆధార్, వేలిముద్రలతో లావాదేవీ చేసే ఈ పద్ధతి పేరు ఏఈపీఎస్. ఏఈపీఎస్‌లో కావలసినవి ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర. బ్యాలెన్స్ చూడటానికీ ఇవే, డబ్బు తీయడానికీ ఇవే. తేడా అంతా బ్యాంకు మిత్ర తన మెషీన్‌లో ఏది నొక్కాడన్న దాంట్లోనే ఉంది. అతను విత్‌డ్రావల్ నొక్కి 10,000 అని కొట్టి ఉంటే, మీరు బ్యాలెన్స్ కోసమని పెట్టిన వేలే ఆ పదివేలకు సంతకం అవుతుంది.

మోసం ఎలా జరుగుతుందంటే, మొదటి వేలికి డబ్బు తీసేస్తారు. "పడలేదమ్మా, ఇంకోసారి పెట్టు" అంటారు. రెండోసారి నిజంగానే బ్యాలెన్స్ చూసి, మిగిలిన అంకె చదివి వినిపిస్తారు. ఖాతాకు ఫోన్ నంబరు లేకపోతే మెసేజ్ రాదు. పేపర్ రోల్ అయిపోయిందంటే స్లిప్పూ రాదు. మళ్లీ పాస్‌బుక్ ప్రింట్ వేయించేదాకా ఎవరికీ తెలియదు.

అందుకే "పడలేదు" అన్న ప్రతిసారీ, ఆ పడని దానికి కూడా స్లిప్ అడగండి. అందులో లావాదేవీ రకం ఉంటుంది. బ్యాలెన్స్ ఎంక్వయిరీ అని ఉండాలి, విత్‌డ్రావల్ మొత్తం ఏదీ ఉండకూడదు. చదవడం రాకపోతే స్లిప్పులన్నీ దాచి ఇంట్లో పిల్లలకు చూపించండి. నిజాయతీగా పనిచేసే మిత్రలు ఊరూరా ఉన్నారు. స్లిప్ అడిగితే వాళ్లు నొచ్చుకోరు.

వేలు నిజంగానే పడకపోవడమూ ఉంది. నాట్లు, కూలి పనులు, బీడీలు చుట్టడం వల్ల గీతలు అరిగిపోతాయి. సబ్బుతో కడిగి, పూర్తిగా తుడిచి, వేరే వేలు పెట్టి చూడండి. ఆధార్‌లో పది వేళ్లూ నమోదై ఉంటాయి కాబట్టి బొటనవేలే అక్కర్లేదు. ఖాతాలో డబ్బు తగ్గి చేతికి నగదు రాకపోతే అయిదు రోజుల్లోగా వెనక్కి పడాలి. ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల పరిహారం ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ 2019లో చెప్పింది. మోసమని తేలితే మాత్రం ఆగకండి. వెంటనే 1930కి ఫోన్ చేయండి, అదే రోజు బ్రాంచిలో రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి.

ఆధార్ బయోమెట్రిక్ లాక్ చేస్తే, అంటే మీ వేలిముద్ర ఎక్కడా పనిచేయకుండా ఆపేస్తే, ఈ బెడద ఉండదని కొందరు సలహా ఇస్తారు. మాట నిజమే, కానీ లాక్ ఉన్నంతసేపు రేషన్ షాపులో కూడా వేలు పడదు. అది తెలిసే చేయండి.

అపోహ: యాప్ లేకపోతే వేలిముద్ర తప్ప దారి లేదు.

వాస్తవం: బటన్ ఫోన్ చాలు. చాలా బ్యాంకులకు మిస్డ్ కాల్ నంబరు ఉంది. స్టేట్ బ్యాంక్‌ది 09223766666. ఒకసారి నమోదు చేసుకున్నాక, రింగై కట్ అవుతుంది, మెసేజ్ వస్తుంది. ఖాతాలో ఉన్న సిమ్ నుంచే చేయాలి. సిమ్ మార్చి బ్యాంకుకు చెప్పకపోతే ఏమీ రాదు. పైగా పాత నంబరు మరొకరికి వెళితే మీ ఖాతా మెసేజ్‌లు వాళ్లకు పోతాయి. మీ బ్యాంకు నంబరు బ్రాంచిలో అడిగి పాస్‌బుక్ అట్ట మీద రాసుకోండి. నెట్‌లో వెతికి దొరికిన నంబరుకు చేయకండి.

రెండో దారి ఫోన్‌లో *99# డయల్ చేయడం. దీనికి నెట్ అక్కర్లేదు, 2022 ఏప్రిల్ నుంచి ఛార్జీ కూడా లేదు. మెనూలో బ్యాలెన్స్ ఎంచుకుని యూపీఐ పిన్ కొట్టాలి. మొదటిసారి పిన్ పెట్టుకోవడానికి డెబిట్ కార్డు చివరి ఆరు అంకెలు, గడువు తేదీ కావాలి. తడుముకుంటూ ఉంటే మధ్యలో కట్ అవుతుంది కాబట్టి కార్డు చేతిలో పెట్టుకుని మొదలెట్టండి. కొట్టే అంకెలు తెర మీద కనబడతాయి, పక్కన ఎవరూ లేకుండా చూసుకోండి.

అపోహ: ఏటీఎంలో బ్యాలెన్స్ చూసినా డబ్బు కట్ అవుతుంది.

వాస్తవం: మీ బ్యాంకు ఏటీఎంలో ఎన్నిసార్లు చూసినా అది ఉచిత లావాదేవీల లెక్కలోకి రాదు. వేరే బ్యాంకు ఏటీఎంలో వస్తుంది. హైదరాబాద్‌లో నెలకు మూడు, మెట్రో కాని ఊళ్లలో అయిదు ఉచితం.

అపోహ: పథకం డబ్బు పడలేదు, ఎవరో తినేశారు.

వాస్తవం: ఆధార్‌కు ఇప్పుడు ఏ బ్యాంకు లింక్ అయి ఉందో డబ్బు అందులోనే పడుతుంది. కొత్త ఖాతా తెరిచినప్పుడు లింక్ అటు మారి ఉండొచ్చు. *99*99# డయల్ చేసి చూడండి, రాకపోతే బ్రాంచిలో అడగండి.

అలాగే మే నెలాఖరులో 436, 20 రూపాయలు తగ్గాయని కంగారు పడేవాళ్లున్నారు. అవి జీవన్ జ్యోతి, సురక్షా బీమా ప్రీమియంలు. సంతకం పెట్టిన గుర్తు లేకపోయినా, వద్దనుకున్నా బ్రాంచిలో అర్జీ ఇచ్చి ఆపించుకోవచ్చు. ఆపించే ముందు ఒక్కటి ఆలోచించండి: ఆ 436 రూపాయల వెనుక ఇంటివాళ్లకు రెండు లక్షల బీమా ఉంది.